మూడు ఇంజన్లతో ఇల్లు చేరిన కథలు: పాత ప్రొపెల్లర్ విమానాల పైలట్ల మాటల్లో నిజమెంత?

లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్‌ను నడిపినవాళ్లు దాని గురించి ఒక మాట అనేవారు: “మూడు ఇంజన్ల విమానాల్లో దీన్ని మించినది లేదు.” ఆ విమానానికి ఉన్నవి నాలుగు ఇంజన్లు. దారిలో ఎక్కడో ఒకటి మొరాయిస్తుంది, దాన్ని ఆపేసి మిగిలిన మూడింటితో గమ్యం చేరడం మామూలే అన్నది అందులోని ఎత్తిపొడుపు. ఇదే మాటను బోయింగ్ స్ట్రాటోక్రూజర్‌కూ, డగ్లస్ డీసీ-7కూ అంటగట్టినవాళ్లున్నారు. ముందెవరన్నారన్నది అలా ఉంచితే, ఇంజన్ చెడిపోవడాన్ని ఇంత ముచ్చటగా చెప్పుకున్న పైలట్ల తరం మరొకటి కనబడదు.

1930ల నడిమి నుంచి 1950ల చివరి దాకా ప్రయాణికుల విమానమంటే పిస్టన్ ఇంజన్, దాని ముందు గిర్రున తిరిగే ప్రొపెల్లర్. ఆ కాలపు పైలట్ల జ్ఞాపకాల్లో ఊళ్లు తక్కువ, ఇంజన్లు ఎక్కువ. కారే నూనె, రాత్రిపూట కనబడే నీలి మంట, ఎగసి తగ్గే రొద, మంచు పెళ్లలు విమానానికి తగిలిన చప్పుడు, తెల్లవారుజామున తొలి ఇంజన్ కక్కిన పొగ. వినేవాళ్లకు ఇదంతా వయసు మీద పడ్డవారి మురిపెంలా అనిపిస్తుంది. నేను మాత్రం ఇందులో చాలా భాగాన్ని మురిపెం కింద కాక, యంత్రశాస్త్రం కింద జమ కడతాను. ఆ విమానాలు పనిచేసే తీరే అలాంటిది. మనిషి దృష్టి కాసేపు మళ్లినా ఊరుకునేవి కావు. అయితే మిగిలిన కొంత భాగాన్ని నమ్మే ముందు వడగట్టుకోవాలి.

పొగ, నూనె, 224 ప్లగ్గులు

ఆ విమానాల్లో వాడినవి రేడియల్ ఇంజన్లు. నడుమ క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు), దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లా సిలిండర్లు. చల్లబరచడానికి నీళ్లుండవు, ఎదురు గాలే ఆ పని చేస్తుంది. 1935 డిసెంబర్ 17న తొలిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3కి ఇలాంటి ఇంజన్లు రెండు. ఆ విమానాల్లో ఎక్కువగా వాడిన ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్‌కు 14 సిలిండర్లు, సుమారు 1,200 హార్స్‌పవర్. యుద్ధం ముగిశాక వచ్చిన డీసీ-6లో ఇంజన్లు నాలుగయ్యాయి, ఒక్కో ఇంజన్‌కు సిలిండర్లు 18 అయ్యాయి. స్ట్రాటోక్రూజర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కో ఇంజన్‌లో నాలుగు వరుసల్లో 28 సిలిండర్లు. సిలిండర్‌కు రెండేసి చొప్పున ఇంజన్‌కు పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులు 56, విమానానికి మొత్తం 224. పెట్రోలులో కలిపే సీసం, సిలిండర్లలోకి చేరే నూనె ఈ ప్లగ్గులను పాడుచేస్తూనే ఉంటాయి. రన్‌వే మొదట్లో నిలబడి ఇంజన్లను పరీక్షించేటప్పుడు ఒక్కటి తడబడినా వెనక్కి మళ్లి మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే.

పైలట్లు అంత ఇష్టంగా తలుచుకునే ఆ తొలి పొగ ఎక్కడిది? ఇంజన్ ఆగి ఉన్నప్పుడు లోపలి నూనె మెల్లగా జారి అడుగున తలకిందులుగా ఉన్న సిలిండర్లలో చేరుతుంది. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నూనె కుదించుకుపోదు. అది తెలియక నేరుగా స్టార్ట్ చేస్తే, పైకొచ్చే పిస్టన్‌కు నూనె గోడలా అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తోనో, స్టార్టర్‌తోనో నిదానంగా తిప్పేవారు. కిటికీలోంచి ఒకరు చూస్తూ బ్లేడ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. చెప్పిన లెక్క పూర్తయ్యాకే ఇగ్నిషన్. ఒక సిలిండర్ అంటుకుంటుంది, దగ్గుతుంది, ఇంకో రెండు తోడవుతాయి, మిగిలి ఉన్న నూనె కాలి నీలం కలిసిన తెల్లటి పొగ మేఘంలా వెనక్కి పోతుంది. ఆపైన అన్నీ కలిసి ఒక లయలో పడతాయి. ఇంత తతంగం నాలుగు సార్లు. తాళంచెవి తిప్పితే కదిలే బండి కాదు గనుక, స్టార్ట్ చేయడమే ఒక విద్యగా గుర్తుండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

మూడో కుర్చీ

పెద్ద పిస్టన్ విమానాల్లో ఇద్దరు పైలట్లతో పాటు ఫ్లైట్ ఇంజనీర్ ఉండేవాడు. సముద్రం దాటే ప్రయాణమైతే నావిగేటరూ ఉండేవాడు. ఆ రోజుల కథల్లో కెప్టెన్‌కు పేరు, ఇంజనీర్‌కు పని. అతని ముందు డయళ్లు బారులు తీరి ఉండేవి. గాలిలో ఎంత పెట్రోలు కలపాలో చేత్తో సర్దేది అతనే. మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైతే ఇంధనం వృథా, ప్లగ్గులు మసిబారతాయి. తక్కువైతే సిలిండర్లు వేడెక్కి పగులుతాయి. ఈ రెంటి నడుమ గీత సన్నన. ఇంజన్ శక్తిని చూపే గేజీ మీద కన్ను వేసి, ముల్లు మొదట శిఖరానికి చేరి తర్వాత చెప్పినంత మేర దిగేదాకా పెట్రోలు తగ్గించడం, మళ్లీ ఎత్తు మారితే మళ్లీ సర్దడం, ఇలా రాత్రంతా.

చీకట్లో అతనికి ఇంకో గేజీ ఉండేది: ఎగ్జాస్ట్ మంట. పొడుగ్గా, ఎర్రగా నాలుక చాచితే పెట్రోలు ఎక్కువైనట్టు. పొట్టిగా నీలంగా మారితే మిశ్రమం పలచబడ్డట్టు. కిటికీ పక్క సీట్లోని ప్రయాణికుడు ఆ మంట చూసి గుండె చేత్తో పట్టుకుంటే, ఇంజనీర్ అదే మంట చూసి నెమ్మదించేవాడు. 1950ల నాటికి ఏ సిలిండర్‌లో ఏ ప్లగ్గు సరిగ్గా పేలడం లేదో చిన్న తెర మీద గీతలుగా చూపించే పరికరం కూడా అతని చేతికొచ్చింది. గాలిలో ఉండగానే రోగనిర్ణయం జరిగేది. దిగగానే మెకానిక్‌కు సిలిండర్ నంబరుతో సహా చెప్పేవారు.

ఇక రొద సంగతి. నాలుగు ప్రొపెల్లర్లు సరిగ్గా ఒకే వేగంతో తిరగకపోతే వాటి ధ్వనులు ఒకదాన్నొకటి కాసేపు బలపరుస్తూ, కాసేపు కొట్టేసుకుంటూ ఉంటాయి. ఫలితంగా కేబిన్ అంతా ఊగుతున్నట్టుగా ‘ఊం... ఊం...’ అనే ఎగుడుదిగుడు హోరు. పైలట్ ఒక ఇంజన్‌ను ఆధారంగా పెట్టుకుని, మిగిలినవాటి లీవర్లను వెంట్రుకవాసి కదుపుతూ ఆ అలలు సాగి సాగి చదునయ్యేదాకా సర్దేవాడు. ఇందుకు పరికరాలు వచ్చాక కూడా చెవినే నమ్మినవాళ్లున్నారు. గంటల తరబడి ఆ హోరు విన్న చెవే కొన్నాళ్లకు వినికిడి పోగొట్టుకోవడం ఈ కథలో ఎవరూ పెద్దగా చెప్పుకోని భాగం.

దిగడం కూడా ముందుచూపుతో చేయాల్సిన పని. థ్రాటిల్‌ను, అంటే ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే లీవర్‌ను, ఒక్కసారిగా వెనక్కి లాగితే, ఎదురు గాలికి ప్రొపెల్లరే ఇంజన్‌ను తిప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు బేరింగుల మీద బరువు తలకిందుల దిశలో పడుతుంది. వేడిగా ఉన్న సిలిండర్లు గబుక్కున చల్లబడి బీటలు వారవచ్చు. అందుకని చాలా దూరం ముందు నుంచే కొద్దికొద్దిగా శక్తి తగ్గిస్తూ, చివరిదాకా ఇంజన్‌కు కాస్త పని మిగిల్చి దిగేవారు. మంచి పైలట్ అంటే మెత్తగా దించినవాడు మాత్రమే కాదు, ఇంజన్లను నొప్పించకుండా దించినవాడు. ఈ రెండో మెచ్చుకోలు ప్రయాణికులకు ఎప్పటికీ తెలియదు, మెకానిక్‌లకు తెలుస్తుంది.

దూరం కోసం చేసిన బేరం

మొదటి కథకు ఇప్పుడు తిరిగి రావచ్చు. నాలుగింట ఒకటి ఎందుకు చెడిపోయేది? 1950ల తొలినాళ్లలో విమాన సంస్థలు అట్లాంటిక్‌ను మధ్యలో ఆగకుండా దాటే విమానాలు అడిగాయి. రైట్ కంపెనీ తన 18 సిలిండర్ల ఆర్-3350 ఇంజన్‌కు ఒక ఉపాయం జోడించింది. ఎగ్జాస్ట్‌గా వృథాగా పోయే వేడి వాయువుతో మూడు చిన్న టర్బైన్లను తిప్పించి, ఆ శక్తిని మళ్లీ క్రాంక్‌షాఫ్ట్‌కే అందించింది. ఒక్కో టర్బైన్‌కు ఆరు సిలిండర్ల ఎగ్జాస్ట్. ఒక్కోదాని నుంచి దాదాపు 150 హార్స్‌పవర్, మొత్తం 450 దాకా అదనంగా, అదీ చుక్క పెట్రోలు ఎక్కువ ఖర్చు కాకుండా. టర్బో-కాంపౌండ్ అని పేరు పెట్టిన ఈ ఇంజనే సూపర్ కాన్‌స్టెలేషన్‌కూ, డీసీ-7కూ ప్రాణం. పిస్టన్ ఇంజన్ అనే ఆలోచన ప్రయాణికుల విమానాల్లో చేరిన చివరి మెట్టు ఇది. 1957లో లాక్‌హీడ్ స్టార్‌లైనర్ లండన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ధ్రువ ప్రాంతం మీదుగా ఎక్కడా ఆగకుండా 23 గంటలకు పైగా ఎగరగలిగిందంటే ఆ చలవే.

ఈ దూరానికి వెల చెల్లించాల్సి వచ్చింది. ఎర్రగా కాలే టర్బైన్లు, అదనపు గొట్టాలు, గేర్లు అన్నీ అప్పటికే కిక్కిరిసిన ఇంజన్‌లోకి చేరాయి. డీసీ-6లోని సాదా ఇంజన్‌కు నమ్మకస్తురాలన్న పేరుంటే, ఎక్కువ దూరం ఎగిరే డీసీ-7కు మొరాయింపు పేరొచ్చింది. రెండూ ఒకే సంస్థ తయారీ, రూపంలోనూ అక్కాచెల్లెళ్లే. సరుకు రవాణాలో పాత డీసీ-6లు తమ తర్వాత పుట్టిన డీసీ-7ల కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ బతికాయి. పైలట్ల చతురోక్తిని ఈ కోణంలోంచి చూస్తే అది ఒక ఇంజనీరింగ్ తీర్పు.

వానలోంచి పోవడం తప్ప దారి లేదు

జెట్ పైలట్లు వాతావరణాన్ని చాలా వరకు పైనుంచి చూస్తారు. డీసీ-3లో ఆ వీలు లేదు. లోపల గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేనందున మామూలుగా 10,000 అడుగుల లోపే ఎగరాలి. పీడనం నిలిపే తొలి ప్రయాణికుల విమానం, బోయింగ్ స్ట్రాటోలైనర్, 1940లో సేవలోకి వచ్చింది. యుద్ధం తర్వాత డీసీ-6, కాన్‌స్టెలేషన్‌లు 20,000 అడుగుల ప్రాంతానికి చేరాయి. అయినా ఉరుము మేఘాలు 40,000 అడుగులు దాటి పెరుగుతాయి. ప్రయాణికుల విమానాల్లోకి వాతావరణ రాడార్ వచ్చింది 1950ల నడుమ. అంతవరకూ రాత్రివేళ మెరుపు మెరిసినప్పుడు కనబడినంతే దారి. కాబట్టి తుఫానుల గురించి పాత పైలట్లు చెప్పేది గొప్పలుగా కొట్టిపారేయాల్సిన పని లేదు.

మంచు ఇంకా తంటా. డీసీ-3 రెక్కల అంచుకు రబ్బరు తొడుగు ఉండేది. గాలితో ఉబ్బించి పేరుకున్న మంచును పగలగొట్టేవారు. ప్రొపెల్లర్ మీదికి ఆల్కహాల్ చిమ్మితే మంచు జారి పెళ్లలుగా ఎగిరి విమానం పక్కలకు ఢాంమని తగిలేది. ఆ దెబ్బకు కాపుగా అక్కడ అదనపు రేకు బిగించేవారు. కాక్‌పిట్ అద్దాల సందుల్లోంచి వాన పైలట్ ఒళ్లోకి కారడం డీసీ-3 నడిపినవాళ్లు దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదు. వీటన్నింటికన్నా గుట్టుగా వచ్చేది కార్బ్యురేటర్‌లోని, అంటే గాలిలో పెట్రోలు కలిపే భాగంలోని, మంచు. పెట్రోలు ఆవిరవుతూ, గాలి ఇరుకు సందులోంచి దూసుకెళ్తూ చుట్టుపక్కల వేడిని లాగేస్తాయి. లోపల ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దాకా పడిపోవచ్చు. బయట గడ్డకట్టే చలి లేకపోయినా, గాలిలో తేమ ఉంటే చాలు, ఇంజన్ గొంతులో మంచు పేరుకుంటుంది. శక్తి కొద్దికొద్దిగా సన్నగిల్లడమే ఆనవాలు. దాన్ని వెంటనే పసిగట్టడానికి, వేడిగాలి లీవర్ వైపు చెయ్యి పోవడానికి అనుభవం కావాలి.

ఒక రాత్రి, సముద్రం మీద

హొనొలులు, శాన్‌ఫ్రాన్సిస్కోల నడుమ నేల అన్నది లేదు. ఇలాంటి దారుల్లో ప్రతి ప్రయాణానికీ నావిగేటర్ మ్యాపు మీద ఒక గీత గీసేవాడు. అది దాటాక ఇంధనం వెనక్కి తీసుకెళ్లలేదు, ముందుకే పోవాలి. 1956 అక్టోబర్ 16 తెల్లవారకముందు, అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ వారి స్ట్రాటోక్రూజర్ ఒకటి ఆ గీత దాటింది. ఇంకా పైకి వెళ్తుండగా ఒకటో నంబరు ఇంజన్ ప్రొపెల్లర్ అదుపు తప్పి విపరీత వేగంతో తిరగసాగింది.

చెడిన ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయాలి. అంటే బ్లేడ్ల అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిప్పి, నిలబెట్టేయాలి. అలా చేస్తే గాలి కోసుకుని పోతుంది, విమానానికి భారం తప్పుతుంది. ఆ రాత్రి అది మాట వినలేదు. నూనె ఆపేసి ఇంజన్‌ను బిగుసుకుపోయేలా చేసినా ప్రొపెల్లర్ విడివడి గాలికి తిరుగుతూనే ఉంది. పళ్లెంలా అడ్డుపడి విమానాన్ని వెనక్కి లాగుతోంది. కాసేపటికి నాలుగో ఇంజన్ శక్తి కూడా పడిపోయింది. మిగిలిన రెండింటితో, ఆ లాగుడుతో ఇంధనం ఏ తీరానికీ చాలదని లెక్క తేలింది.

అప్పట్లో సముద్రం నడుమ వాతావరణ పరిశీలనకూ, విమానాలకు దారి చూపడానికీ నౌకలు నిలిపి ఉంచేవారు. కెప్టెన్ రిచర్డ్ ఆగ్ అమెరికా కోస్ట్ గార్డ్ నౌక పాంట్‌చర్‌ట్రెయిన్ దగ్గరికి చేరి, వెంటనే నీళ్లలోకి దిగకుండా తెల్లారేదాకా దాని చుట్టూ తిరిగాడు. అలల దిశ కళ్లకు కనబడాలి, ట్యాంకులు తేలికవ్వాలి. నీటిని తాకితే తోక విరగవచ్చని ఊహించి వెనక సీట్లలోని ప్రయాణికులను ముందుకు పంపించాడు. ఉదయం దిగినప్పుడు తోక విరిగింది కూడా. 24 మంది ప్రయాణికులు, ఏడుగురు సిబ్బంది, మొత్తం 31 మందీ బతికారు. విమానం సుమారు ఇరవై నిమిషాలకు మునిగిపోయింది.

పిస్టన్ కాలపు పైలట్ల నేర్పు గురించి చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అదే విమాన నమూనా గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. 1952లో బ్రెజిల్ అడవుల మీద అదే సంస్థ స్ట్రాటోక్రూజర్ ప్రొపెల్లర్ వైఫల్యంతో ఇంజన్ ఊడిపోయి కూలింది. అందులో ఉన్న 50 మందీ చనిపోయారు. ఆ కాక్‌పిట్‌లో ఎంత నేర్పు ఉందో ఎవరికీ తెలియదు. మూడు ఇంజన్లతో ఇల్లు చేరిన చతురోక్తి ఇల్లు చేరినవాళ్లది. మనకు అందిన జ్ఞాపకాలన్నీ వారివే. వడగట్టాలన్నది ఇందుకే.

‘ఆకాశం అప్పుడు మనదే, అడిగేవాడు లేడు’ అన్న తరహా జ్ఞాపకానికి కూడా ఇదే జల్లెడ. 1956 జూన్ 30న ఒక సూపర్ కాన్‌స్టెలేషన్, ఒక డీసీ-7 లాస్ ఏంజిలిస్ నుంచి మూడు నిమిషాల తేడాతో బయల్దేరాయి. గ్రాండ్ కాన్యన్ మీద 21,000 అడుగుల ఎత్తున ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. 128 మంది చనిపోయారు. అక్కడ వాటిని రాడార్‌తో చూసేవారు లేరు. ఎదుటి విమానాన్ని పైలటే కళ్లతో చూసి తప్పుకోవాలన్నదే నియమం. అమెరికాలో 1958 విమానయాన చట్టానికి, దానితో ఏర్పడిన కొత్త నియంత్రణ సంస్థకు ఈ ప్రమాదం పెద్ద ప్రేరణ. అడిగేవాడు లేని ఆకాశం అంటే ఇదీ అర్థం.

చేతుల్లో ఉండిపోయిన జ్ఞాపకం

1958 అక్టోబర్‌లో జెట్లు అట్లాంటిక్ దాటాయి. నాలుగో తేదీన బ్రిటిష్ కామెట్ 4, ఇరవై ఆరున పాన్ యామ్ బోయింగ్ 707. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే పెద్ద పిస్టన్ విమానాలు ముఖ్యమైన దారుల నుంచి తప్పుకున్నాయి. వాటిని నడిపిన మనుషులు తప్పుకోలేదు, జెట్‌లోకి మారారు. నోటితో చెప్పే జ్ఞాపకం కంటే చేతుల్లో ఉండిపోయిన జ్ఞాపకం ఎంత గట్టిదో అప్పుడు బయటపడింది.

ప్రొపెల్లర్ విమానం దిగుతూ బాగా కిందికి జారిందనుకుందాం. థ్రాటిల్ ముందుకు తోస్తే క్షణంలో శక్తి వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా ప్రొపెల్లర్ల గాలి రెక్కల మీదుగా పోయి, వేగం పెరగకముందే విమానాన్ని పైకి లేపుతుంది. తొలితరం జెట్ ఇంజన్ అలా కాదు. నిదానపు స్థితి నుంచి పూర్తి శక్తికి చేరడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. రెక్కలకు అదనంగా వీచే గాలీ లేదు. 1965 నవంబర్ 11న సాల్ట్ లేక్ సిటీలో యునైటెడ్ వారి బోయింగ్ 727 నిమిషానికి 2,000 అడుగులకు మించిన వేగంతో దిగివచ్చి, శక్తి అందేలోపే నేలను తాకింది. 43 మంది చనిపోయారు. దాన్ని పూర్తిగా పాత అలవాటు ఖాతాలో వేయడం అన్యాయం. కెప్టెన్ నిర్ణయాలనే దర్యాప్తు తప్పుపట్టింది. అయితే ఆ రోజుల్లో 727లు దిగుతూ కూలిన ఘటనల తర్వాత, ఎక్కువ వేగంతో దిగకూడదని, ఇంజన్లను ముందుగానే సిద్ధంగా ఉంచుకోవాలని శిక్షణలో గట్టిగా చెప్పసాగారు. ప్రొపెల్లర్ రోజుల్లో అంతగా అక్కర్లేని పాఠం అది.

టర్బోప్రాప్ అన్న మధ్యదారి కూడా ఉంది. 1948లో తొలిసారి ఎగిరిన వికర్స్ వైకౌంట్‌కు ప్రొపెల్లర్లున్నా లోపల తిరిగేవి టర్బైన్లు. కుదుపు ఎంత తక్కువంటే బల్ల మీద నాణేన్ని అంచు మీద నిలబెట్టి చూపించేవారు. ఆ విమానాన్ని ప్రయాణికులు ఎంతో మెచ్చుకున్నారు. ఇంజన్లతో రాత్రంతా పడ్డ పాట్ల కథలు మాత్రం దాని చుట్టూ పెద్దగా అల్లుకోలేదు.

ఇప్పుడు నడిపితే?

పాత విమానాలు కొన్ని ఇంకా ఎగురుతున్నాయి. వాటిని నడపడంలో మురిపెం ప్రమాదకరం కూడా కాగలదు. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్ పర్వతాల్లో, 1930ల నాటి యుంకర్స్ జూ-52 కూలి అందులోని 20 మందీ చనిపోయారు. ఇరుకు లోయలో తక్కువ ఎత్తున నడిపిన తీరే ప్రధాన కారణమని దర్యాప్తు తేల్చింది. ఆ ఇద్దరు పైలట్లు అనుభవం లేనివారు కాదు.

జాగ్రత్తగా నడిపేవారికి కూడా పాత అనుభవం మొత్తంగా దొరకదు. 1950ల పెద్ద ఇంజన్ల పూర్తి శక్తి 115/145 అనే ప్రత్యేక పెట్రోలు మీద ఆధారపడింది. సీసం దండిగా కలిపిన ఆ ఇంధనంతోనే, సిలిండర్లలోకి నీళ్లు-ఆల్కహాల్ మిశ్రమం చిమ్మి, డీసీ-6బీ ఇంజన్ నుంచి టేకాఫ్ సమయంలో 2,500 హార్స్‌పవర్ దాకా రాబట్టేవారు. ఆ పెట్రోలును మామూలు విక్రయానికి తయారుచేయడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు దొరికే 100 ఆక్టేన్ ఇంధనంతో అంత ఒత్తిడి పెడితే సిలిండర్లలో మిశ్రమం వేళ కాని వేళ పేలి పిస్టన్లు కరుగుతాయి. అందువల్ల మిగిలిన విమానాలు తక్కువ ఒత్తిడితో, తక్కువ బరువుతో బయల్దేరతాయి. పాత మాన్యువల్‌లోని టేకాఫ్ అంకెలను పక్కన పెట్టి, ఎంత రన్‌వే కావాలో కొత్తగా లెక్క కట్టుకుంటారు.